తొక్కి స్టార్ట్ చేసే సైకిలు ఇంజన్: కాలి శ్రమ ఎక్కడ పోతోందో ముందు తెలుసుకోవాలి

మీరు చెప్పిన విషయం క్లుప్తంగా ఇది. పాకాల దగ్గర మీ మామిడి తోటలో తిరగడానికి, తాతగారి కాలం నాటి 28 అంగుళాల సైకిలుకు 66 సీసీ టూ స్ట్రోక్ కిట్ బిగించుకున్నారు. కొంత దూరం తొక్కి క్లచ్ వదలగానే వెనుక చక్రం పట్టేసి, ఎర్ర ఇసుక బాటలో జారుతూ ఆగిపోతోంది. అలా వరుసగా కొన్నిసార్లు తొక్కేసరికి కాళ్ళు చచ్చుబడుతున్నాయి. స్ప్రాకెట్ (గొలుసు తిప్పే పళ్ళ చక్రం) మారిస్తే తేలికవుతుందా, మారిస్తే పెద్దది వేయాలా చిన్నది వేయాలా అన్నది మీ ప్రశ్న. స్ప్రాకెట్ సంగతి తప్పకుండా చెబుతాను, కానీ అది ఈ వరుసలో చాలా వెనుక రావలసిన పని. తొక్కేవారి శక్తి ఏ భాగం దగ్గర వృథా అవుతోందో తేలకుండా విడిభాగాలు కొన్నవారు డబ్బు పోగొట్టుకోవడమే నేను ఎక్కువగా చూశాను.

అసలు పనికి ముందు ఒక్క మాట. మన మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉండి, ఇంజన్ 25 సీసీ మించని బండ్లకే మోటారు వాహనం అన్న నిర్వచనం నుంచి మినహాయింపు ఉంది. మీది 66 సీసీ కాబట్టి రిజిస్ట్రేషను లేకుండా రోడ్డెక్కడం చట్టవిరుద్ధం. తోటలోపలే వాడుతున్నానని మీరు రాశారు కనుక దాన్ని అంతవరకే ఉంచండి. దామలచెరువు మార్కెట్టుకు కాయలు వేసుకుని వెళ్ళే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

ఇప్పుడు మూడు పరీక్షలు చేయండి. మూడూ ఒకే చదునైన చోట, గట్టి నేల మీద, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, పెట్రోల్ ట్యాప్ కట్టేసి, ఇంజన్ ఆపే బటన్ ఆఫ్‌లో ఉంచి చేయాలి. మొదటిది, క్లచ్ లివర్ పూర్తిగా నొక్కి, దాని లాక్ పడేటట్టు చేసి, మామూలు సైకిలులా తొక్కండి. రెండవది, స్పార్క్ ప్లగ్ విప్పి తీసి, దాన్ని క్యాప్‌లోనే ఉంచి ప్లగ్ లోహం హెడ్‌కు (సిలిండరు పైమూతకు) ఆనేటట్టు పెట్టి, క్లచ్ వదిలి తొక్కండి. మూడవది, ప్లగ్ బిగించి క్లచ్ వదిలి, సైకిలు దిగి చేత్తో ముందుకు తోయండి. ఈ మూడింటి మధ్య తేడాలోనే మీ జవాబు దాదాపు అంతా ఉంది.

మొదటి పరీక్షలో సైకిలు తేలికగా సాగాలి. అలా సాగకుండా, ఎవరో వెనుక నుంచి లాగుతున్నట్టు బరువుగా ఉంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదని లేదా గొలుసు ఎక్కడో పట్టుకుంటోందని అర్థం. అంటే మీరు స్టార్ట్ చేయడం మొదలుపెట్టకముందే సగం బలం పోతోంది. కొత్తగా బిగించిన కిట్లలో తొలి దోషం చాలావరకు ఇదే.

రెండవ పరీక్షలో కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి గాలిని నొక్కేటప్పుడు వచ్చే అడ్డు, ఉండదు కాబట్టి మొదటిదానికన్నా కొద్దిగా మాత్రమే బరువు పెరగాలి. ప్లగ్ లేకపోయినా కాలు కదలడం కష్టంగా ఉంటే లోపల బేరింగ్, గేర్లు, లేదా సరిగ్గా కూర్చోని భాగమేదో పట్టుకుంటోంది. ఆ స్థితిలో బలవంతంగా తొక్కకుండా ఇంజన్ విప్పి చూపించుకోవాలి. ఈ పరీక్షలో ప్లగ్ రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్మితే, రాత్రంతా ట్యాప్ తెరిచి ఉండడం వల్ల పిస్టన్ కింద ఉండే క్రాంక్ గది నిండిపోయిందన్నమాట. చిమ్మడం ఆగేదాకా అలాగే తొక్కి, లోపల ఉన్నది బయటికి పోనిచ్చి, ప్లగ్ తుడిచి ఆరబెట్టండి. ఇంజన్ ఆపే బటన్ ఆఫ్‌లో ఉంచమన్నది ఇందుకే: పెట్రోల్ చిమ్ముతున్న రంధ్రం పక్కన స్పార్కు రాకూడదు.

మూడవ పరీక్షలో చక్రం ఒక చోట గట్టిగా అడ్డుకుని, తోస్తే దాటి, మళ్ళీ అడ్డుకోవాలి. అలా వస్తే కంప్రెషన్ బాగుంది. అడ్డు లేకుండా ఒకేలా జారిపోతుంటే క్లచ్ జారుతోందో, హెడ్ ప్యాకింగ్ దగ్గరో పిస్టన్ రింగుల దగ్గరో గాలి పోతోందో చూడాలి.

ఇప్పుడు క్లచ్. ఈ కిట్లలో క్లచ్ లివర్ లాగితే, ఎడమ కవరులోని చేయి తిరిగి, ఒక చిన్న స్టీలు గోలీని, దాని వెనుక పొడవాటి కడ్డీని నెట్టి, అవతలి వైపు ఉన్న క్లచ్ ప్లేటును విడదీస్తుంది. కొన్నిసార్లు పార్శిల్ విప్పేటప్పుడే ఆ గోలీ జారిపోతుంది. గోలీ లేకపోతే లివర్ ఎంత లాగినా ప్లేటు పూర్తిగా విడవదు. ముందు స్ప్రాకెట్ కవరు విప్పి, అయస్కాంతంతో ఆ రంధ్రంలో గోలీ ఉందో లేదో చూడండి. ఉంటే సర్దుబాటుకు రండి. కేబుల్‌కు లివర్ దగ్గర రెండు మిల్లీమీటర్లంత వదులు మాత్రమే ఉండాలి. కుడి వైపు కవరు తీస్తే పువ్వు రేకుల ఆకారంలో ఒక నట్టు కనిపిస్తుంది. దాన్ని కదలకుండా పట్టి ఉంచే చిన్న స్క్రూను తీసి, నట్టును ఒక్కొక్క గాడి చొప్పున తిప్పి, ప్రతిసారీ స్క్రూ బిగించి పరీక్షించాలి. ఒక వైపు తిప్పితే పట్టు తగ్గి బాగా విడుస్తుంది, రెండో వైపు తిప్పితే పట్టు పెరుగుతుంది, ఏ వైపుకు ఏమవుతుందో ఆ పరీక్షలోనే తెలుస్తుంది. రెండూ సరిపోయే చోటు ఒకటో రెండో గాళ్ళ వెడల్పులోనే ఉంటుంది కాబట్టి తొందర పడకండి. ఆ కవరులోని పళ్ళ చక్రాలకు గ్రీజు కొద్దిగా పెట్టండి. ఎక్కువ పెడితే అది వేడికి కరిగి క్లచ్ ముక్కల మీదికి పాకుతుంది, తర్వాత ఎంత సర్దినా జారుతూనే ఉంటుంది.

గొలుసు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఇంజన్ గొలుసు పెద్ద స్ప్రాకెట్‌ను వెనుక చక్రం ఊచలకు రబ్బరు బిళ్ళల మధ్య బిగిస్తారు. అది నడిమధ్యలో కూర్చోకపోతే, చక్రం తిరుగుతున్నప్పుడు గొలుసు ఒక చోట తీగలా బిగిసి, మరో చోట వేలాడుతుంది. వెనుక చక్రం లేపి, మెల్లగా తిప్పుతూ, గొలుసు బిగుతైన చోట ఆపి, స్ప్రాకెట్ వెనుక అంచు (ఇంజన్‌కు దూరంగా ఉన్న వైపు) మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బోల్టులు కొంచెం వదులు చేసి, ఆ గుర్తు ఉన్న వైపు నుంచి కర్రసుత్తితో ఇరుసు వైపు తట్టి, మళ్ళీ ఎదురెదురు బోల్టులు బిగించండి. గొలుసు మధ్యలో ఒక సెంటీమీటరు పైచిలుకు ఆడితే చాలు. అంతకన్నా బిగుతుగా ఉంటే ప్రతి చుట్టులోనూ మీ కాలు దానికి మూల్యం చెల్లిస్తుంది.

క్లచ్, గొలుసు సరిగ్గా ఉన్నాక కూడా చక్రం పట్టేస్తోందంటే అది వేగం లెక్క. ఈ కిట్లలో సాధారణంగా లోపలి గేర్లు 82కు 20, అంటే 4.1 రెట్లు. బయట ముందు స్ప్రాకెట్‌కు 10 పళ్ళు, వెనుకదానికి 44 పళ్ళు, అంటే 4.4 రెట్లు. రెండూ కలిపితే చక్రం ఒక్కసారి తిరిగేటప్పటికి ఇంజన్ సుమారు 18 సార్లు తిరగాలి. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు పోతుంది కాబట్టి, సైకిలు 12 సెంటీమీటర్లు కదిలినప్పుడల్లా పిస్టన్ ఒకసారి కంప్రెషన్‌కు అడ్డుపడుతుంది. ఒక మీటరులో ఎనిమిదిసార్లు! నెమ్మదిగా పోతూ క్లచ్ వదిలితే మొదటి అడ్డు దగ్గరే ఆగిపోవడంలో వింత లేదు.

కదిలే సైకిలులో దాగిన బలం వేగం మీద వర్గంగా పెరుగుతుంది. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఉన్న దానికి నాలుగు రెట్లు, 10 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఆ 10 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 1,350 చుట్లకు పైగా తిరుగుతుంది, స్పార్కుకు కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి మంచి స్పార్కు రావడానికి కూడా ఆ తిరుగుడు కావాలి. అందుకే ఆ వేగం వచ్చేదాకా క్లచ్ లాక్‌లోనే ఉంచండి. తర్వాత సీటు మీద వెనక్కి జరిగి, బరువు వెనుక చక్రం మీద పడేటట్టు కూర్చుని, లివర్‌ను చటుక్కున వదలకుండా ఒక క్షణం జారనిస్తూ వదలండి. సీటు మీంచి లేచి నిలబడి తొక్కుతూ క్లచ్ వదిలితే వెనుక టైరుకు పట్టు ఉండదు, ఇసుకలో తప్పక జారుతుంది. మీ తోటలో బావి గట్టు దగ్గరో బాట మొదట్లోనో గట్టి నేల ఉంటే స్టార్ట్ చేయడం అక్కడే చేయండి. కాస్త దిగుడు ఉంటే మరీ మంచిది.

ఎక్కడానికి ముందు చేయదగిన చిన్న ఉపాయం ఒకటి ఉంది. క్లచ్ వదిలి, సైకిలును చేత్తో వెనక్కి జరపండి. పిస్టన్ అవతలి వైపు నుంచి కంప్రెషన్‌కు ఎదురై చక్రం అడ్డుకుంటుంది. సరిగ్గా అక్కడ ఆపి క్లచ్ నొక్కి లాక్ చేయండి. అక్కడి నుంచి ముందుకు తిరిగేటప్పుడు పిస్టన్‌కు మొదటి అడ్డు రావడానికి అర చుట్టుకు పైగా సమయం దొరుకుతుంది. నేల మీద అది ఏడెనిమిది సెంటీమీటర్లే కాబట్టి దీని నుంచి అద్భుతాలు ఆశించకూడదు, కానీ ఆ కాస్త చోటులోనే క్లచ్ పట్టు కుదురుకుంటుంది. ఖర్చు లేనిది కనుక అలవాటు చేసుకోండి.

ఇంతకన్నా ముఖ్యమైనది, ఇంజన్ తొలి చుట్లలోనే అంటుకోవడం. రెండు మీటర్లలో అంటుకునే ఇంజన్‌కూ ఇరవై మీటర్లు ఈడ్చుకుపోయే ఇంజన్‌కూ మధ్య మీ కాళ్ళు పడే బాధలో తేడా పది రెట్లు. నా అనుభవంలో తొక్కడం కష్టంగా ఉందని వచ్చిన సైకిళ్ళలో చాలావాటికి అసలు రోగం స్పార్కులోనో పెట్రోల్‌లోనో దొరికింది.

ముందు స్పార్కు చూడండి. కిట్‌తో వచ్చే ప్లగ్, దాని క్యాప్ నాసిరకంగా ఉండడం మామూలే. మంచి కంపెనీ ప్లగ్ వేసి, ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం 0.6 మిల్లీమీటర్లు ఉంచండి. తక్కువ తిరుగుడులో మాగ్నెటో ఇచ్చే బలహీనమైన కరెంటుకు ఆ ఎడమే అనువైనది. ప్లగ్ వైరును క్యాప్ నుంచి తిప్పి తీసి, చివర అర సెంటీమీటరు కోసి, మళ్ళీ గట్టిగా మర వేయండి, ఎందుకంటే లోపల రాగి పోగులు నల్లబడి ఉంటే కరెంటు సగం అక్కడే ఆగిపోతుంది. మాగ్నెటో నుంచి వచ్చే తెల్ల వైరుకు లైటు కలిపి ఉంటే తీసేయండి, అది స్పార్కును బలహీనపరుస్తుంది. నీలం, నల్ల వైర్ల మధ్య మీటరు పెడితే సుమారు 300 నుంచి 400 ఓములు చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిల్ తెగినట్టే. ఇంజన్ ఆపే బటన్ వైరును తాత్కాలికంగా విడదీసి స్టార్ట్ చేసి చూడండి, వానకు తడిసిన బటన్ వల్ల కరెంటు నేలకు పోయి ఇంజన్ మొరాయించడం తరచుగా జరిగేదే.

పెట్రోల్ దగ్గర మన కాలానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆయిల్ కలిపిన పెట్రోల్‌ను డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉంచి, మామిడి సీజన్ రాగానే తీసి పోస్తే ఇంజన్ అంటుకోదు. వారం పది రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. సైకిలును నెలల పాటు మూల పెట్టేటప్పుడు ట్యాంకు, కార్బురేటర్ గిన్నె ఖాళీ చేయండి. కొత్త ఇంజన్‌కు మొదట లీటరుకు 60 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి, తర్వాత 40 నుంచి 50కి దించవచ్చు. అరుగుదల భయంతో అంతకు మించి పోస్తే ప్లగ్ మసిబారి మళ్ళీ కాళ్ళకే శ్రమ.

చల్లని ఇంజన్‌కు ట్యాప్ తెరిచి, కార్బురేటర్ పక్కనున్న చిన్న బటన్‌ను పెట్రోల్ కొద్దిగా చెమ్మగిల్లేదాకా నొక్కి, చోక్ మూసి, యాక్సిలరేటర్ పావు వంతుకు మించకుండా ఉంచి తొక్కండి. అంటుకోకపోతే యాక్సిలరేటర్ మొత్తం తిప్పేయడం చాలామందికి ఉన్న అలవాటు. అలా చేస్తే కార్బురేటర్‌లో గాలి లాగుడు తగ్గి, పెట్రోల్ పైకి రావడమే తగ్గిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన చిత్తూరు ఎండకు మధ్యాహ్నం వేళ చోక్ అవసరమే ఉండదు, డిసెంబరు తెల్లవారుజామున తప్పనిసరి. పెట్రోల్ ఎక్కువై ప్లగ్ తడిసిందనిపిస్తే మాత్రం ట్యాప్ కట్టి, చోక్ తెరిచి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి తొక్కండి. పూర్తి యాక్సిలరేటర్ పనికొచ్చేది ఆ ఒక్క సందర్భంలోనే.

ఇంకొక్క చోటు, కార్బురేటర్ ఇన్‌టేక్ గొట్టానికి బిగుసుకునే జాగా. ఈ కిట్లలో అక్కడ సన్నని సందు మిగిలిపోయి, దొంగగాలి లోపలికి పోతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆ అతుకు చుట్టూ సబ్బునీళ్ళు చల్లితే శబ్దం మారుతుంది. మారితే అక్కడ మంచి ఓ రింగ్ (రబ్బరు చుట్ట) వేసి బిగించండి.

ఇప్పుడు మీరు అడిగిన స్ప్రాకెట్. వెనుక 44 పళ్ళ బదులు 36 పళ్ళది వేస్తే మొత్తం రెట్లు 18 నుంచి 15కు లోపు తగ్గుతాయి, క్లచ్ వదిలినప్పుడు చక్రం మీద పడే అడ్డు సుమారు ఐదో వంతు తగ్గుతుంది. పెద్దది వేస్తే అడ్డు పెరుగుతుంది. కాబట్టి స్టార్ట్ చేయడానికి చిన్నదే తేలిక. కానీ అదే వేగానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది కనుక స్పార్కు బలంగా ఉండాలి, పైగా కాయల బుట్టతో ఇసుకలోనూ గట్టు మీదికీ లాగేటప్పుడు ఇంజన్ మొండికేస్తుంది. మీ వాడకానికి 44 పళ్ళదే ఉంచమంటాను.

దానికి బదులు కుడి వైపు, మీరు తొక్కే గొలుసు మీద ఖర్చు పెట్టండి. పాత 28 అంగుళాల సైకిళ్ళలో ముందు 44 పళ్ళు, వెనుక 18 పళ్ళ ఫ్రీవీల్ (తొక్కే గొలుసు తిప్పే వెనుక పళ్ళ చక్రం) తరచుగా ఉంటాయి. ఆ లెక్కన పెడల్ ఒక చుట్టుకు సైకిలు 5.4 మీటర్లు పోవాలి. ఇంజన్, పెట్రోల్ ట్యాంకు, పెద్ద స్ప్రాకెట్ మోస్తున్న సైకిలును నిలిచిన చోటు నుంచి అంత బరువైన తొక్కుడుతో 10 కిలోమీటర్ల వేగానికి తేవడమే సగం ఆయాసం. 22 పళ్ళ ఫ్రీవీల్ వేసి, గొలుసుకు అవసరమైన లింకులు కలుపుకుంటే అదే చుట్టుకు 4.4 మీటర్లు చాలు. కాళ్ళు కొంచెం వేగంగా తిరుగుతాయి, బరువు తెలియదు. సైకిలు షాపులో దొరికే ఈ ఫ్రీవీల్, నేను సూచించే మార్పులన్నింటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది.

ఇవన్నీ చేశాక కూడా పెద్దవారు ఎవరైనా ఆ సైకిలు వాడవలసి వస్తే, డీకంప్రెషన్ వాల్వ్ ఆలోచించవచ్చు. ఇది మన ప్రాంతానికి కొత్త విషయం కాదు. తిరుపతిలో తయారైన సువేగా మోపెడ్‌కు మూలం ఫ్రాన్సు దేశపు మోటోబెకేన్ కంపెనీ మోబిలెట్. తొక్కి స్టార్ట్ చేసే ఆ మోబిలెట్లలో హెడ్‌లోని ఒక చిన్న వాల్వును లివర్‌తో తెరిచి, కంప్రెషన్ బయటికి వదులుతూ ఇంజన్‌ను తేలికగా తిప్పి, వేగం అందుకున్నాక లివర్ వదిలితే వాల్వ్ మూసుకుని ఇంజన్ అంటుకునేది. అంత చిన్న ఇంజన్‌కే దాని అవసరం ఉందని తయారుచేసినవారు గుర్తించారంటే, 66 సీసీ ఇంజన్‌తో మీ కాళ్ళు పడుతున్న కష్టంలో మీ లోపం లేదని తెలుస్తుంది.

మీ ఇంజన్‌కు చెట్లు కోసే మోటారు రంపాల్లో వాడే వాల్వ్ సరిపోతుంది. ఎక్కేముందు దాని బటన్ నొక్కితే తెరుచుకుని ఉంటుంది, ఇంజన్ మొదటిసారి అంటుకోగానే ఆ ఒత్తిడికి తానే మూసుకుంటుంది. అందుకు హెడ్ విప్పి, లేత్ షాపులో రంధ్రం వేయించి, వాల్వుకు తగిన మర తీయించాలి. ఆ రంధ్రం ప్లగ్ పక్కన, మంట గది గుంటలోకే తెరుచుకోవాలి, అంచున పిస్టన్ దగ్గరగా వచ్చే చదును భాగంలోకి రాకూడదు. వాల్వ్ మర చివర లోపలికి పొడుచుకు రాకుండా వాషర్‌తో సర్దించండి. అక్కడ లోహం మందం చాలకపోతే లేత్ ఆయన వద్దంటారు, ఆ మాట వినండి. ప్యాకింగులు రెండు వేసి కంప్రెషన్ తగ్గించమని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం ఒప్పుకోకండి, దానివల్ల స్టార్టింగ్ కొంత తేలికైనా ఇంజన్ లాగుడు శాశ్వతంగా పడిపోతుంది. వాల్వ్ అయితే పని అయ్యాక మూసుకుంటుంది, బలం పోదు.

హెడ్ తిరిగి బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేసి, లోహపు పొట్టు ఒక్క రవ్వ కూడా సిలిండరులో పడకుండా గుడ్డతో తుడిచి, నాలుగు నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి. మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ ఒకసారి నట్లు చూడండి. అయితే అసలు స్టార్ట్ చేయకముందే వాల్వ్ చుట్టూ సబ్బునీళ్ళు పూసి, క్లచ్ వదిలి సైకిలును చేత్తో కంప్రెషన్ మీదికి తోసి, బుడగలు రావడం లేదని రూఢి చేసుకున్నాకే ట్యాంకులో పెట్రోల్ పోయండి.